అత్తగారి బేకరీలో క్వార్కులు

నా పేరు అన్స్‌గార్ ఉప్‌హోఫ్. మాది బీలెఫెల్డ్. జర్మనీలో ఎవరికి ఈ ఊరి పేరు చెప్పినా "అబ్బే, ఆ ఊరు అసలు లేదు కదా" అని ఓ పాత జోకు వేస్తారు. మేమూ అలవాటుగా నవ్వుతాం. లేని ఊళ్ళో కూర్చుని నేను చేసే పని ఏమిటంటే, విశ్వం పుట్టిన కొత్తలో రెప్పపాటు కూడా నిలవకుండా పోయిన ఒక పదార్థాన్ని వేడి చేయడం. అదైనా నిజంగా కాదు, కంప్యూటర్లో. పని అన్నానే కానీ, అది రెండేళ్ళకోసారి ముగిసిపోయే కాంట్రాక్టు. ముగిసినప్పుడల్లా నేనొక దరఖాస్తు పెడతాను, విశ్వవిద్యాలయం వాళ్ళు పాపం ఇంకో రెండేళ్ళు ఇస్తారు. నలభై రెండేళ్ళు వచ్చేదాకా నా బతుకు ఇలాగే, రెండేసి ఏళ్ళ ముక్కలుగా గడిచింది.

వీబ్కేని పెళ్ళి చేసుకుంటానని వాళ్ళింటికి వెళ్ళిన రోజు ఈ సంగతంతా కాబోయే అత్తగారికి చెప్పుకోవాల్సి వచ్చింది. ఆవిడ పేరు ఇర్మ్‌ట్రౌట్. ఊరి చివర, అడవి మొదలయ్యే చోట ఆవిడకో బేకరీ ఉండేది. భర్త పోయాక ఒక్కతే నడిపింది. చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ తెల్లగానే ఉండేవి. మా ప్రాంతం వాళ్ళు మాట్లాడడమే తక్కువని పేరు. ఈవిడ ఆ లోటంతా ఒక్కతే తీర్చేది.

"ఏం చేస్తుంటారు?" అని అడిగింది, నా ముందు కేకు పెడుతూ.

"ప్రోటాన్లని వేడి చేస్తానండీ."

"ఎంత వేడి?"

"దాదాపు రెండు లక్షల కోట్ల డిగ్రీలు."

ఆవిడ ఏప్రానుకి చేతులు తుడుచుకుంది. "మా పొయ్యి రెండొందల యాభై. అది దాటితే రొట్టె మాడిపోతుంది. మీది మాడదా?"

"మాడదండీ, కరుగుతుంది. ప్రోటాను లోపల క్వార్కులని చిన్న చిన్న కణాలుంటాయి. వాటిని పట్టి ఉంచే జిగురొకటి ఉంటుంది. ఎంత లాగినా ఆ జిగురు వదలదు. అంత వేడి పెడితే మాత్రం పట్టు సడలి అన్నీ కలిసి చారులాగా అయిపోతాయి."

"ఆ చారు ఎక్కడుంది? చూపిస్తారా?"

"చూపించడానికి ఉండదండీ. స్థలాన్నీ కాలాన్నీ గళ్ళు గళ్ళుగా, చదరంగం బల్లలాగా విడగొట్టి, ఒక్కో గడిలో ఏమవుతుందో కంప్యూటరు లెక్కలు కడుతుంది."

ఆవిడ కూతురి వైపు తిరిగింది. "వీబ్కే, ఈయనకి ఇంకో ముక్క పెట్టు. లెక్కల చారు తాగి చిక్కిపోయి ఉన్నాడు."

నాకు డాక్టరేటు ఉందని అప్పట్నుంచీ ఆవిడ నన్ను 'డాక్టరుగారూ' అని పిలిచేది. ఆ 'గారు'లో ఎంత వెటకారపు ఉప్పుండేదో చెప్పలేను. ఆ పిలుపు విని పక్కింటావిడ ఫ్రౌ కోట్రుప్ ఒకసారి కాలు ముందుకు చాచి, మోకాలు ఎందుకు కటకటమంటోందో చూడమంది. నాకు తెలియదని చెబితే, "మరి దేనికి డాక్టరు?" అని అత్తగారినే అడిగింది. "మాకూ ఇంకా తేలలేదు" అంది అత్తగారు.

ఇక అసలు సంగతికొస్తాను. మా లెక్కలకి పెద్ద కంప్యూటర్లు కావాలి. పెద్ద కంప్యూటర్లు దేశంలో కొన్ని చోట్లే ఉంటాయి, వాటి దగ్గర మాకంటే గొప్పవాళ్ళు క్యూలో నిలబడి ఉంటారు. ఆ రోజుల్లోనే ఎవరో ఒక చిట్కా కనిపెట్టారు. కంప్యూటర్ ఆటల్లో బొమ్మలు చకచకా కదలడానికి వాడే గ్రాఫిక్స్ కార్డులు మా గళ్ళ లెక్కలకి అద్భుతంగా పనికొస్తాయట. మా ప్రొఫెసర్ ఓస్టర్‌హాగే ముసలాయన, జాగ్రత్త మనిషి. ఆయన చాలాసేపు గడ్డం రుద్దుకుని, "సరే, వెళ్ళి కొనుక్కురా. ఎవరైనా అడిగితే మాత్రం ఆటలని చెప్పకు" అన్నాడు.

స్టేషను దగ్గర కంప్యూటర్ ఆటల సామాన్ల దుకాణంలోకి వెళ్ళాను. నా మీద కోటు, మెడకి మఫ్లరు, చేతిలో సైకిలు హెల్మెట్టు. కౌంటరు వెనక చేతుల నిండా పచ్చబొట్లు పొడిపించుకున్న భారీ మనిషి ఉన్నాడు. షాపులో ఉన్న కార్డులన్నీ కావాలంటే నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏం ఆడతారు సార్?"

"క్వార్కులు."

"వినలేదే. కొత్తదా?"

"చాలా పాతది."

"కష్టమా?"

"ఇరవయ్యేళ్ళ నుంచి మొదటి లెవెల్లోనే ఉన్నాను."

అతను సానుభూతిగా తల ఊపి ఒక టీషర్టు ఉచితంగా ఇచ్చాడు. దాని మీద డ్రాగను బొమ్మ. ఇప్పటికీ తోటపనికి వేసుకుంటాను.

కార్డులన్నీ కంప్యూటర్ పెట్టెల్లో బిగించి మా డిపార్ట్‌మెంటులో స్విచ్చి వేసేసరికి ఆ అంతస్తులో దీపాలన్నీ ఆరిపోయాయి. రెండోసారి వేస్తే కాఫీ మిషను కూడా ఆగిపోయింది. దీపాలు పోతే సర్దుకున్న మా సహోద్యోగులు, కాఫీ పోయేసరికి గదుల్లోంచి బయటికొచ్చారు. ప్రొఫెసర్ నా భుజం మీద చెయ్యి వేసి, "దీన్ని ఎక్కడికైనా తీసుకెళ్ళు అన్స్‌గార్. ఎక్కడికన్నది నేను అడగను" అన్నాడు.

ఆ వేసవిలోనే అత్తగారు బేకరీ మూసేసింది. నడుము సహకరించడం లేదు, తెల్లారకముందే లేచి పిండి కలిపే పనివాళ్ళు దొరకడం లేదు. కొట్టు మూసి, మేడ మీద కిటికీ దగ్గర కూర్చుని, రోడ్డు మీద వెళ్ళేవాళ్ళ చేతుల్లో సూపర్‌మార్కెట్ రొట్టెల్ని చూసి పళ్ళు కొరికేది. కింద పొయ్యిల కోసం వేసిన బలమైన కరెంటు లైను మాత్రం అలాగే ఉంది. పిండి కలిపే గది మందపాటి రాతి గోడలతో చల్లగా ఉండేది. నేను భయపడుతూ భయపడుతూ అడిగాను.

"ఆ గదిలో మీ చారు కాచుకుంటారా?" అంది.

"చప్పుడు తక్కువేనండీ."

"వాసన?"

"ఉండదు."

"చప్పుడుండదు, వాసనుండదు, తినడానికి ఉండదు. ఇంతకంటే మర్యాదైన వంట మా వంశంలో ఎవరూ చెయ్యలేదు. పెట్టుకోండి."

పెట్టుకున్నాను. యంత్రం హాయిగా నడిచింది. వారం మొదట్లో తక్కువ వేడితో లెక్క మొదలుపెట్టి, రోజు రోజుకీ ఒక మెట్టు పెంచుతూ, వారం చివరికి బాగా ఎక్కువ వేడికి చేర్చేవాణ్ణి. మళ్ళీ సోమవారం మొదటికి. ఇలా వారాల తరబడి అదే తిప్పితే అంకెలు పోగుపడతాయి. వాటిని గీతగా గీస్తే క్వార్కుల జిగురు ఎలా సడలుతోందో తెలుస్తుంది. మంచు గడ్డ కరిగినట్టు ఒక్కసారిగా కాదు, ఎండలో పెట్టిన వెన్నలాగా మెల్లమెల్లగా మెత్తబడుతుంది. గీత ఎక్కడా తడబడకుండా నున్నగా పైకి పోతుంది. ఇది అందరికీ తెలిసిందే. నేను చేస్తున్నది ఆ నున్నటి గీతని ఇంకాస్త నున్నగా గీయడం. జీవితాశయంగా చెప్పుకోవడానికి అది ఎలా వినిపిస్తుందో నాకూ తెలుసు.

గ్రాఫిక్స్ కార్డులు లోపల క్వార్కుల్ని ఉత్తుత్తిగా వేడి చేస్తే, బయట గదిని నిజంగానే వేడి చేశాయి. మొదటిసారి తలుపు తీసి లోపలికి తొంగిచూసిన అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయింది. చెయ్యి గాల్లో ఆడించి చూసింది. నన్ను మందలించబోతోందనుకున్నాను. ఆవిడ మేడ మీదికి వెళ్ళి, తడి గుడ్డ కప్పిన గిన్నె ఒకటి తెచ్చి, యంత్రం వెనక వెచ్చటి గాలి వచ్చే చోట బల్ల మీద పెట్టింది.

"పిండి పులియడానికి ఇలాంటి వెచ్చదనం కోసం జీవితమంతా వెతికాను డాక్టరుగారూ," అంది. ఆ ఒక్కసారీ 'గారు'లో ఉప్పు లేదు.

తర్వాత జరిగినదాంట్లో నా వాటా తక్కువేం కాదు. మొదట ఒక గిన్నె, తర్వాత నాలుగు. ఆపైన ప్రతి గురువారం ఆ గదిలోనే పిండి కలపడం, శుక్రవారం పాత కట్టెల పొయ్యి వెలిగించడం. ఫ్రౌ కోట్రుప్ మొదలుకుని వీధంతా వెనక గుమ్మం దగ్గరికి వచ్చేది. పిండి ట్రేలు మోసింది నేనే. మా వైపు గోధుమకి బదులు వాడే రై అనే ధాన్యంతో చేసిన వేడి వేడి రొట్టె అంచు కోసి, వెన్న రాసుకుని, యంత్రానికి ఆనుకుని నిలబడి తిన్నదీ నేనే. గాల్లో పిండి తెల్లగా తేలుతుంటే కిటికీలోంచి పడే ఎండలో అందంగా ఉందనుకున్నాను. డాక్టరేటు ఉన్నవాణ్ణి. ఫ్యాన్లు గాలి లోపలికి లాగుతాయన్న సంగతి నాకు తెలుసు. తెలిసీ, రొట్టె నమిలాను.

శరదృతువులో గీత మీద బుడిపె కనిపించింది.

నున్నగా పైకి పోతున్న గీత, జిగురంతా సడలిపోయాక, ఇంకొంచెం పైన చిన్నగా ఉబ్బి మళ్ళీ దిగింది. మొదట పొరపాటనుకున్నాను. ఇంకో వారం లెక్క కలిపితే ఇంకాస్త ఉబ్బింది. మూడో వారానికి, ఎవరూ ఊహించని దాన్ని నేను చూస్తున్నానని తేల్చుకున్నాను. కరిగిన పదార్థం లోపల మళ్ళీ ఇంకేదో మార్పు! ఆ ఉదయం స్నానాల గది అద్దం ముందు నిలబడి, పెద్ద బహుమతి ఏదైనా ఇస్తే పెట్టాల్సిన వినయపు మొహం అభ్యాసం చేశాను. వీబ్కే పళ్ళు తోముకోవడానికి వచ్చి చూసింది.

"పళ్ళు నొప్పా?" అంది.

ప్రొఫెసర్ ఓస్టర్‌హాగే గీతని చాలాసేపు చూసి, "ఆసక్తిగా ఉంది" అన్నాడు. మా వైపు ఆ మాటంటే ఇంకోచోట బాణాసంచా కాల్చినట్టు. వసంతంలో జరిగే పెద్ద సమావేశానికి నా ప్రసంగం పేరు పంపేశాను: 'కరిగిన పదార్థంలో ఒక అనూహ్యమైన మార్పు.' డిపార్ట్‌మెంటులో దానికి అప్పుడే 'ఉప్‌హోఫ్ బుడిపె' అని పేరు పడింది. ఆ పేరు పెట్టింది నేనే అన్న మాట వాస్తవమే, కానీ ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

మా గుంపులో స్వాంట్యే అని ఒకామె ఉండేది. సముద్రం ఒడ్డు నుంచి వచ్చింది. నాకంటే పదేళ్ళు చిన్న, నాకంటే పదింతలు చురుకు. ఆమె నా వేడిమెట్లనే తీసుకుని దూరాన ఉన్న ఒక పెద్ద కంప్యూటర్లో తన వంతు సమయం ఖర్చుపెట్టి లెక్క కట్టింది. క్యాంటీన్లో నా ఎదురుగా ట్రే పెట్టి కూర్చుంది.

"అన్స్‌గార్, నాకు బుడిపె రాలేదు."

"నీ గళ్ళు మరీ పెద్దవేమో."

"నీవెంతో నావీ అంతే. ఒకటి అడగనా? బుడిపె ఉన్న మెట్లని నువ్వు ఏ రోజు నడుపుతావు?"

"గురు, శుక్రవారాలు. ప్రతి వారం అదే వరస. ఎందుకు?"

"మిగతా రోజుల్లో నడిపినవాటికి బుడిపె లేదు. గురు, శుక్రవారాల్లో నీ యంత్రం ఉన్న గదిలో ఏం జరుగుతుంది?"

నా నోట్లో బంగాళాదుంప ఉంది. అది మింగడానికి చాలాసేపు పట్టింది.

ఆ గురువారం స్వాంట్యే నాతో పాటు బేకరీకి వచ్చింది. యంత్రం ఆపి పెట్టె మూత తీశాం. ఫ్యాన్ రెక్కల మీద పిండి కంబళిలాగా పేరుకుపోయి ఉంది. దాని కింద కార్డులు ఉడికిపోతున్నాయి. ఆటల కోసం చేసిన కార్డులవి. బొమ్మలో ఒక చుక్క రంగు మారితే ఆడేవాడికి పట్టదు, అందుకని తప్పు పడితే పట్టుకునే ఏర్పాటు వాటిలో లేదు. గురు, శుక్రవారాల్లో కొత్త పిండి పడి, పొయ్యి సెగ కూడా తోడై వేడి మితిమీరినప్పుడు కోట్ల అంకెల్లో అక్కడొకటి ఇక్కడొకటి తారుమారవుతూ వచ్చింది. లెక్క ఆగలేదు, కేక పెట్టలేదు. ఎంతో మర్యాదగా తప్పు చెప్పింది.

స్వాంట్యే వేలితో కాస్త గీకి వాసన చూసింది. "రై పిండి," అంది.

సరిగ్గా అప్పుడే అత్తగారు ట్రే పట్టుకుని లోపలికొచ్చింది. మూత తీసిన పెట్టెనీ, స్వాంట్యే తెల్లటి వేలినీ, నా మొహాన్నీ వరసగా చూసింది.

"ఏమైంది?"

"ఏం లేదత్తయ్యా," అన్నాను.

స్వాంట్యే మా ప్రాంతం మనిషి కాదు, అబద్ధం చెప్పదు. "పిండి లోపలికి పోయి లెక్కలు తప్పాయండీ," అంది.

"ఎన్నాళ్ళవి?"

"శరదృతువు నుంచి."

అత్తగారు ట్రే బల్ల మీద పెట్టింది. వెక్కిరింపు వస్తుందని భుజాలు బిగించుకుని నిలబడ్డాను. ఆవిడ గుడ్డ తీసి చేతులు తుడుచుకుని, "నాకు తెలీదు బాబూ," అంది మెల్లగా. మెట్లెక్కి వెళ్ళిపోయింది.

పెట్టె శుభ్రం చేసి, వారం వరస తిరగేసి మళ్ళీ నడిపాం. శుక్రవారపు మెట్లు సోమవారం నడిపితే నున్నగా వచ్చాయి. నా బుడిపె, నేను పేరు పెట్టుకున్న బుడిపె, పిండితో వచ్చి పిండితోనే పోయింది.

దానికంటే నన్ను ఎక్కువ కుదిపింది అత్తగారు. ఆ రోజు నుంచి ఆవిడ పిండి కలపలేదు. వెనక గుమ్మానికి గడియ పెట్టేసింది. వీధివాళ్ళు తలుపు తడితే పైనుంచి "లేదు" అని ఒక్క మాట. భోజనాల దగ్గర నాకు మొదట వడ్డించి, "తీసుకోండి అన్స్‌గార్, పనిలో అలిసిపోయి ఉంటారు" అనేది, అదీ నిజంగానే. పదేళ్ళలో నన్ను పేరుపెట్టి పిలవడం అదే మొదలు.

"నీకు బుడిపె పోయిందని బాధా?" అని వీబ్కే అడిగింది, ఇద్దరం గిన్నెలు తుడుస్తున్నప్పుడు.

"మీ అమ్మ నన్ను గౌరవిస్తోంది వీబ్కే. భరించలేకపోతున్నాను."

"అయితే అమ్మతో చెప్పు."

"ఏమని? దయచేసి నన్ను తిట్టండి అనా?"

ప్రసంగం ఇంకా మిగిలే ఉంది. రద్దు చేసుకుంటానంటే ప్రొఫెసర్ ఒప్పుకోలేదు. "పేరు పంపావు కదా, మనిషివి కూడా వెళ్ళు," అన్నాడు. వెళ్ళాను. దేశదేశాల వాళ్ళు నిండిన హాల్లో 'ఒక అనూహ్యమైన మార్పు' అన్న అక్షరాల కింద నిలబడి, తర్వాతి బొమ్మ వేశాను. తెర నిండా పిండి పట్టిన ఫ్యాను. జరిగినదంతా చెప్పాను, రొట్టె అంచు నమిలిన సంగతితో సహా. వెనక వరసలోంచి ఒక ఇటలీ ఆవిడ చెయ్యెత్తింది.

"ఏ పిండి అన్నారు?"

"రై అండీ."

"గోధుమపిండితో ప్రయత్నించారా?"

అప్పుడు లేచింది నవ్వు. నేనూ నవ్వాను. కాఫీ దగ్గర మాత్రం ఒకరి తర్వాత ఒకరు నన్ను పక్కకి లాగారు. మా కార్డులూ అప్పుడప్పుడూ అర్థంకాని అంకెలిస్తాయి, మీరెలా పట్టుకున్నారు, అని గుసగుసగా అడిగారు. నేను కాదు, స్వాంట్యే అని ఆమెని చూపించాను. ఆమె చుట్టూ చిన్న గుంపు చేరింది. నేను ఆమె కప్పు పట్టుకుని పక్కన నిలబడ్డాను.

ఇంటికొచ్చిన మర్నాడే పలకలు, మేకులు, గాలి పోయే లావుపాటి గొట్టం ఒకటి కొన్నాను. ఆ పిండి గదిని రెండుగా విడగొట్టాలని పథకం. యంత్రం అవతల, పిండి ఇవతల. యంత్రం బయటి గాలి పీల్చుకుంటుంది, వెచ్చటి గాలి గొట్టంలోంచి బల్ల దగ్గరికి వస్తుంది. పిండి మాత్రం వెనక్కి పోదు. కాగితం మీద గోడ తిన్నగా ఉంది. శనివారమంతా సుత్తితో నా వేళ్ళనీ, అప్పుడప్పుడూ మేకుల్నీ కొట్టాను. సాయంత్రానికి గోడ లేచింది. పై చివర ఎడమకి వాలింది. వీబ్కే వచ్చి చూసి, ఒక బద్ద తెచ్చి దానికి ఊతం పెట్టింది.

చప్పుళ్ళకి అత్తగారు దిగొచ్చింది. గోడ చుట్టూ తిరిగింది. వేలితో తోసి చూసింది. గోడ ఊగింది. గొట్టం దగ్గర అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది.

"ఈ గోడ కూడా కాంట్రాక్టు మీదే నిలబడిందా డాక్టరుగారూ?" అంది.

పట్టలేక ఆవిడని వాటేసుకున్నాను. మా ఊళ్ళో అల్లుళ్ళు అలాంటి పనులు చెయ్యరు. "అయ్యో, వదలండి, కోటంతా పిండవుతుంది" అంటూనే, ఇంకా పిండి లేని చేతులతో నా వీపు తట్టింది.

మర్నాటికల్లా వడ్రంగిని పిలిపించి గోడ తిన్నగా కట్టించింది. నాది ఊతకర్రతో సహా పొయ్యిలోకి పోయింది.

ఆ తర్వాత రెండేళ్ళకి మా డిపార్ట్‌మెంటులో ప్రొఫెసర్ పదవి ఖాళీ అయింది. నేనూ దరఖాస్తు పెట్టాను, స్వాంట్యే కూడా పెట్టింది. ఎవరికి రావాలో వాళ్ళకే వచ్చింది. ఆమె వచ్చీ రాగానే చేసిన పనుల్లో ఒకటి, నాకో పర్మనెంటు ఉద్యోగం ఇప్పించడం. యంత్రాలు చూసుకోవాలి, దుమ్ము పడకుండా ఉంచాలి. "ఈ దేశంలో దీనికి నీకంటే అనుభవజ్ఞుడు దొరకడు" అని కమిటీ ముందే అందట. ఆ సంగతి ఇంట్లో చెబితే అత్తగారు కుర్చీలో కూర్చుండిపోయి, పదవీ విరమణ దాకా అంటే ఎంత కాలమని మళ్ళీ మళ్ళీ అడిగింది.

ఇప్పుడు బేకరీ శుక్ర, శనివారాలు ముందు గుమ్మంలోంచే నడుస్తోంది. పనివాళ్ళు ఇప్పటికీ దొరకరు కాబట్టి శనివారం కౌంటర్లో నేనుంటాను. క్వార్కుల గీత నున్నగా గీయగలను కానీ, రొట్టెని సమంగా కోయడం ఇంతవరకూ రాలేదు. మొన్న ఫ్రౌ కోట్రుప్ తన ముక్కల్ని వెలుగుకి ఎత్తి చూసుకుంది. ఒక వైపు మందం, ఇంకో వైపు పలచన.

"ఇదేమిటయ్యా, జారుడుబల్ల కోశావా?" అంది.

"ఇంకోటి కోసిస్తాను ఉండండి," అన్నాను.

"వద్దులే, అదీ ఇలాగే ఉంటుంది," అని సంచీలో వేసుకుని వెళ్ళిపోయింది.